మెడలో చెల్లని కార్డు

నేను ఒక ఆరోగ్య బీమా కార్డుని. ఈ మాట చెప్పగానే మీరు మొహం తిప్పుకుంటారని నాకు తెలుసు. బీమా అన్న మాట చెవిన పడితే చాలు, మనుషులకు ఎక్కడలేని పనులూ గుర్తుకొస్తాయి. ఫోన్ చెవికి ఆనించుకుని, అవతల ఎవరూ లేకపోయినా మాట్లాడేస్తారు. భయపడకండి, నేను మీకు పాలసీ అమ్మడానికి రాలేదు. నా మీదున్న నంబరు ఎప్పుడో రద్దయింది. కానీ చెల్లే కార్డులు ఎన్నో బీరువాల్లో, పర్సుల్లో పడి నిద్రపోతుంటే, చెల్లని నేను మాత్రం రోజూ కాలేజీకి వెళ్ళొస్తున్నాను. కాబట్టి నా గురించి నేను కాస్త గొప్పగా చెప్పుకుంటే తప్పు పట్టకండి.

నేను పుట్టింది చీరాలలో, గడియార స్తంభం దగ్గర సందులో ఉన్న ఒక ఫ్లెక్సీ షాపులో. ఒకప్పుడు మా జాతి కార్డులు కంపెనీలోనే అచ్చయి, మెరిసే కవర్లో పడుకుని, కొరియర్ సంచిలో ఊరేగుతూ వచ్చేవట. ఇప్పుడు కంపెనీలు ఆ ముచ్చట మానేశాయి. ఫోన్‌కి ఒక ఫైలు పంపి, కావాలంటే మీరే ప్రింటు తీసుకోండని చేతులు దులుపుకుంటున్నాయి. చాలా ఇళ్ళల్లో ఆ ఫైలు పండగ శుభాకాంక్షల కింద పూడుకుపోయి, అవసరానికి వెతికితే కనపడదు. నా అదృష్టం బాగుండి, నా ఫైలు అందుకున్న ఆంజనేయులిది ప్రింటు తీసే వృత్తే.

ఆంజనేయులి షాపులో అచ్చు కానిది లేదు. పుట్టినరోజులు, ఓణీల ఫంక్షన్లు, గృహప్రవేశాలు, కొత్తగా పదవులు వచ్చిన నాయకులు, పోయినవాళ్ళకు అశ్రునివాళి. ఊళ్ళో ఎవరింట్లో మంచి జరిగినా చెడు జరిగినా ముందు ఆయనకు తెలుస్తుంది, మర్నాటికి కూడలిలో వేలాడుతుంది. జనం తమ సంగతులన్నీ పదడుగుల ఫ్లెక్సీల మీద వేయించుకోవడం చూసి చూసి ఆయన ఒక నిర్ణయానికి వచ్చాడు. తన ఇంటి సంగతి మాత్రం గడప దాటకూడదని. ఆ నిర్ణయమే నన్ను నానా తిప్పలూ పెట్టింది.

నన్ను తయారుచేసిన రోజు ఆయన మంచి ఉషారు మీద ఉన్నాడు. తెల్లటి ప్లాస్టిక్ కార్డుని ట్రేలో పెట్టి, అది కదలకుండా వేలితో సర్ది, మెషిన్‌లోకి తోశాడు. బయటికి వచ్చేసరికి నా ఒంటి మీద కంపెనీ పేరు, పాలసీ నంబరు, కింద ప్రణవి అనే పేరు. ఆయన నన్ను వెలుతురులోకి ఎత్తి పట్టుకుని చూశాడు. మెత్తటి గుడ్డతో తుడిచాడు. బేరం కోసం వచ్చిన ఒకాయన ఏంటది అని అడిగితే, "మా అమ్మాయి మైసూరు పోతుందండీ, కాలేజీకి. దాని ఇన్సూరెన్సు" అన్నాడు. ఆ గొంతులోని గర్వం చూసి, నేనేదో పెద్ద పదవిలోనే పుట్టాననుకున్నాను.

ప్రణవి ఆంజనేయులికి ఒక్కతే కూతురు. ఇంటర్ అయ్యాక మైసూరులో ఫుడ్ టెక్నాలజీ సీటు వచ్చింది. చేరే పిల్లలందరికీ ఆరోగ్య బీమా ఉండాలని కాలేజీవాళ్ళు చెప్పారు. అంతవరకూ ఆ ఇంట్లో షాపుకి బీమా ఉంది, స్కూటర్‌కి ఉంది, మనుషులకు లేదు. ఇప్పుడు కూతురు ఊరుగాని ఊరు వెళ్తోంది. తనకు జ్వరం వస్తే ఎవరు చూస్తారు, కాలు జారి పడితే ఎవరు తీసుకెళ్తారు అని తల్లి హైమావతి బెంగపెట్టుకుంది. సరే, బీమా చేయిద్దాం అనుకున్నారు. అనుకోగానే గుర్తొచ్చింది పూర్ణచంద్రరావు.

పూర్ణచంద్రరావు హైమావతి చెల్లెలి మొగుడు. వేటపాలెంలో ఉంటాడు, బీమా ఏజెంటు. ఆయన పాలసీలన్నీ చుట్టాలవే. పెళ్ళి భోజనాల్లో ఆయన పక్కన ఎవరూ కూర్చోరు, పెరుగన్నం దాకా వచ్చేలోపు సంతకం పెట్టించేస్తాడని భయం. అయినా ఎవరికి బీమా కావలసి వచ్చినా ఆయన దగ్గరే తీసుకుంటారు. బయటివాళ్ళ దగ్గర తీసుకుంటే బాధపడతాడని మొహమాటం. మనుషులు జబ్బులకు భయపడి బీమా చేయించుకుంటారని మీరనుకుంటున్నారేమో. మా వైపు చాలామంది తోడల్లుళ్ళకు భయపడి చేయించుకుంటారు.

నేను పుట్టకముందు ఆ ఇంట్లో ఏం జరిగిందో తర్వాత వాళ్ళ మాటల్లోనే విన్నాను. పూర్ణచంద్రరావు వచ్చి, కాఫీ తాగి, ఫోన్లో ప్రశ్నలు చదవడం మొదలుపెట్టాడట. షుగరు ఉందా, బీపీ ఉందా, గుండె జబ్బులున్నాయా, ఫిట్సు ఉన్నాయా, ఇదివరకు ఏమైనా ఆపరేషన్లు అయ్యాయా. అక్కడికి వచ్చేసరికి ఆయన చదవడంలో వేగం పెరిగింది. హైమావతికి పాలు పొంగుతున్నట్టు అనిపించి వంటింట్లోకి వెళ్ళింది. "ఇవన్నీ ఏమీ లేవుగా అన్నయ్యా" అని ఆయన ఫోన్లోంచి తలెత్తకుండా అడిగాడు. "ఏమీ లేవు తమ్ముడూ" అని ఆంజనేయులు గోడ మీది క్యాలెండరుతో చెప్పాడు. పూర్ణచంద్రరావు అన్నింటికీ వరసగా 'లేదు' అని నొక్కేశాడు. నేను ఆ 'లేదు'లోంచి పుట్టాను.

ఆ సంగతి తెలియక కొన్నాళ్ళు నేను మహారాజులా బతికాను. హైమావతి నన్ను దేవుడి పటం ముందు పెట్టి, కుంకుమబొట్టు పెట్టింది. బీమా కంపెనీ గుర్తు మీద పడింది బొట్టు. ఇంటికి వచ్చినవాళ్ళందరికీ నన్ను చూపించారు. నేనుండగా ఈ పిల్లకు ఏ లోటూ రాదని నేను మనస్ఫూర్తిగా నమ్మాను.

ప్రయాణానికి సామాను సర్దుతున్న రోజు నా మహారాజయోగం ముగిసింది. మంచం నిండా బట్టలు, గోంగూర పచ్చడి, కందిపొడి, కారప్పొడి డబ్బాలు. ప్రణవి వంటింట్లోకి వెళ్ళి, మెంతులు అని రాసి ఉన్న డబ్బా తెచ్చి మంచం మీద బోర్లించింది. అందులో మెంతులు లేవు. టాబ్లెట్ల అట్టలు ఉన్నాయి. వాటిని జిప్పు సంచిలో వేసి, నన్ను తెచ్చి అందులోనే పెట్టింది. అప్పుడు ఆ టాబ్లెట్లకీ నాకూ మొదటిసారి పరిచయమైంది. అవి ఫిట్సు రాకుండా వేసుకునేవి. పిల్లకి చిన్నప్పటినుంచీ ఉన్నాయి. మందు వేసుకుంటూ నిద్ర తప్పకుండా ఉంటే నెలల తరబడి రావు. ఎప్పుడైనా వస్తే ఒకటి రెండు నిమిషాలు ఒళ్ళు బిగుసుకుని కొట్టుకుంటుంది, తర్వాత కాసేపు మగతగా ఉండి లేస్తుంది. డాక్టరు ఒంగోలులో. వెళ్ళేటప్పుడు ఎవరైనా ఎదురైతే గుడికి అని చెప్పేవాళ్ళు.

ప్రణవి నన్ను చేతిలోకి తీసుకుని అటూ ఇటూ తిప్పింది.

"నాన్నా, ఇన్సూరెన్సోళ్ళకి నా ఫిట్సు సంగతి చెప్పారా?"

ఆంజనేయులు సూట్‌కేసు పట్టీ బిగిస్తున్నాడు. "దానికీ దీనికీ ఏం సంబంధమమ్మా."

"సంబంధమేంటా? దీనికి సంబంధం ఉన్నదే అది. ఆస్పత్రికి పోతే మొదట అడిగేదే ఏం మందులు వాడతన్నావని. చెప్పలేదని తెలిస్తే మొత్తం పాలసీనే కొట్టేస్తారు. జొరం వచ్చినా ఇవ్వరు."

"పూర్ణాకి చెప్తే మీ పిన్నికి తెలుస్తది. పిన్నికి తెలిస్తే ఇంకేముంది, పర్చూరు నుంచి పొన్నూరు దాకా తెలుస్తది. రేపు నీకు సంబంధాలు చూసేటప్పుడు..."

"నేను చదువుకోటానికి పోతన్నా నాన్నా. సంబంధాలకి కాదు."

హైమావతి పచ్చడి డబ్బా మూత తిప్పుతూనే ఉంది, ఎప్పుడో బిగిసిపోయిన మూతని. "ఇప్పుడెందుకే అవన్నీ. దేవుడు చల్లగా చూస్తే ఏమీ రాదు."

"దేవుడే చూసేటట్టయితే ఈ కార్డు ఎందుకమ్మా మరి?" అంది ప్రణవి.

ఈ ప్రశ్న నన్ను కూడా అడిగినట్టే అనిపించింది. నా ఒంటి మీద అన్నీ సరిగ్గా ఉన్నాయి. పేరు సరిగ్గా ఉంది, పుట్టిన తేదీ సరిగ్గా ఉంది, నంబరు సరిగ్గా ఉంది. కానీ ఈ పిల్లకు నా అవసరం నిజంగా పడిన రోజున నేను పనికిరాను. మొహాన బొట్టుతో సహా నాకు సిగ్గేసింది. ఎవరిమీదా కోపం రాలేదు గానీ, ఆ పూట చాలా దుఃఖం వచ్చింది.

ఆంజనేయులు షాపుకి వెళ్ళిపోయాడు. ప్రణవి కాసేపు మంచం మీద కూర్చుంది. తర్వాత లేచి, నన్ను చున్నీ చివర ముడి వేసుకున్నంత భద్రంగా పర్సులో పెట్టుకుని, తల్లితో "వేటపాలెం పోయొస్తా" అని చెప్పింది. ఎందుకని హైమావతి అడగలేదు. అడ్డం కూడా పడలేదు. గుమ్మం దాకా వచ్చి నిలబడింది.

వేటపాలెంలో పూర్ణచంద్రరావు ఇంటి వసారాలో ప్రణవి పిన్ని శ్యామల చేటలో జీడిపప్పు పోసుకుని, బద్దలు వేరు, గుండ్లు వేరు చేస్తోంది. ఆయన పడక్కుర్చీలో కూర్చుని ఎవరికో ఫోన్లో ప్రీమియం గుర్తుచేస్తున్నాడు. ఆ అవతలి మనిషి పెట్టేసినట్టున్నాడు, ఫోన్ కేసి చూసుకున్నాడు. ప్రణవి ఆయనకెదురుగా స్టూలు లాక్కుని కూర్చుని నన్ను తీసి ఒళ్ళో పెట్టుకుంది. చెప్పాలనుకున్న మాట దారంతా కూడబలుక్కుంటూ వచ్చింది, ఇప్పుడు నోట్లోంచి రావడం లేదు.

"బాబాయ్, ఇందులో ఒక తప్పుంది. నాకు ఫిట్సు ఉన్నాయి. మీరు రాసేటప్పుడు నాన్న చెప్పలేదు."

పూర్ణచంద్రరావు కళ్ళజోడు తీశాడు. చొక్కా అంచుతో తుడిచాడు. మళ్ళీ పెట్టుకున్నాడు.

"నాకు తెలుసమ్మా" అన్నాడు.

ప్రణవి ఆయన వంక చూసింది.

"పర్చూరులో మా పెద్దన్నయ్య కొడుకు పెళ్ళిలో నీకొచ్చింది. చిన్నపిల్లవి. విడిదింట్లో వెనక గదిలో పడిపోయావు. నిన్ను ఎత్తుకుని మంచం మీద పడుకోబెట్టింది నేనే. మీ అమ్మ పరిగెత్తుకొచ్చి, ఎండదెబ్బ మరిదిగారూ అంది. నేను అవును వదినగారూ అన్నా. అప్పటినుంచి ఎండదెబ్బే."

"మరి మీరు రాయాల్సింది కదా బాబాయ్."

"ఎట్టా రాస్తానమ్మా. అన్నయ్య నోటితో చెప్పకుండా నేను అడిగితే చిన్నబుచ్చుకోడా. ఇన్నాళ్ళూ తెలిసే నటించాడా వీడు అనుకోడా."

చేట దగ్గర్నుంచి శ్యామల తల ఎత్తకుండా, "నాకూ తెలుసులేవే. మీ అమ్మ చెప్పుకునేదాకా ఆగుదామని ఊరుకున్నా" అంది. అని, ఒక గుండు పప్పు తీసి బద్దల్లో వేసింది. చూసుకుని మళ్ళీ తీసింది.

ప్రణవి కాసేపు ఇద్దరినీ మార్చి మార్చి చూసింది. తర్వాత నవ్వడం మొదలుపెట్టింది. ఆ నవ్వులోనే కళ్ళవెంట నీళ్ళు కారాయి. "మీరు మాకు మర్యాద, మేము మీకు మర్యాద. ఆ మర్యాదలకి రేపు ఆస్పత్రిలో నేను పడుకోవాలా బాబాయ్?" అంది.

నేను చాలా ఇళ్ళు చూడలేదు గానీ, ఆ వసారాలో మనుషుల గురించి ఒక సంగతి తెలుసుకున్నాను. ఇక్కడ ఎవరూ ఎవర్నీ మోసం చేయలేదు. ఒకరి మనసు ఒకరు నొప్పించకూడదని అందరూ ఎంతో శ్రద్ధ తీసుకున్నారు. అంత శ్రద్ధా కలిసి ఒక పనికిరాని కార్డుని తయారుచేసింది. దొంగలు చేసి ఉంటే ఇంత బాగా కుదిరేది కాదు.

పూర్ణచంద్రరావు చొక్కా మార్చుకొచ్చి, ప్రణవిని వెనక ఎక్కించుకుని స్కూటర్ తీశాడు. దారంతా ఆయన ఒకే మాట నాలుగు రకాలుగా సాధన చేశాడు. చీరాలకి వచ్చేసరికి నాలుగూ మర్చిపోయాడు. షాపులో మెషిన్ నడుస్తోంది, ఎవరిదో షష్టిపూర్తి ఫ్లెక్సీ మెల్లగా దిగుతోంది. ఆయన అలా నిలబడి, "అన్నయ్యా, అమ్మాయి సంగతి నాకు పర్చూరు పెళ్ళప్పుడే తెలుసు. శ్యామలకీ తెలుసు. మేమెవరికీ చెప్పలా. ఇప్పుడు మాత్రం కంపెనీకి చెప్పాలి" అన్నాడు.

ఆంజనేయులి మొహం కందగడ్డ అయింది. కూతురి వైపు తిరిగి, "నిన్నెవరు పొమ్మన్నారు?" అన్నాడు. ఆయన మెషిన్ ఆపేసి, స్టూలు మీద కూర్చున్నాడు. చాలాసేపు నేలకేసి చూశాడు. కోపం పోయాక ఆ మొహంలో మిగిలింది అలసట. ఇన్నేళ్ళూ గుడికని చెప్పి ఒంగోలు తీసుకెళ్ళిన అలసట, డబ్బా మీద మెంతులని రాసిన అలసట.

"ఇన్నాళ్ళూ తెలుసా నీకు?" అని అడిగాడు చివరికి.

"తెలుసన్నయ్యా."

"మరి మా ఇంటికొచ్చినప్పుడల్లా పిల్ల ఒళ్ళెట్టా ఉందని అడిగేవాడివి. అది..."

"అందుకే అడిగేవాణ్ణి."

ఆంజనేయులు భుజం మీది తువాలుతో మొహం తుడుచుకున్నాడు. ఆయన ఏడ్చాడు. దాన్ని నేను మరోరకంగా చెప్పను. ఇంట్లో ఈ మాట విన్న హైమావతి మాత్రం ఏడవలేదు. చెల్లెలికి ఫోన్ చేసి, "తెలిసి కూడా నాచేత ఇంత కాలం ఎండదెబ్బ ఎండదెబ్బ అని చెప్పించావంటే నీకు బుద్ధుందా" అని తిట్టింది. తిడుతుంటే ఆమె గొంతు తేలికపడటం వినపడింది.

తర్వాత పనులు చకచకా జరిగాయి. పూర్ణచంద్రరావు ఈసారి ప్రశ్నలు మెల్లగా చదివాడు. ఒంగోలు డాక్టరు దగ్గర కాగితాలు తెచ్చారు. అన్నీ కంపెనీకి పంపారు. కొన్నాళ్ళు జవాబు లేదు, ప్రయాణం వెనక్కి జరిగింది. ఇంట్లో అందరికీ ఒకటే గుబులు, అసలు పిల్లకి బీమాయే ఇవ్వమంటే ఏం చేయాలని. ఆంజనేయులు ఒకసారి, చెప్పకుండా ఉంటే పోయేదని గొణిగాడు. ప్రణవి ఆ రోజు అన్నం సరిగా తినలేదు. చివరికి జవాబు వచ్చింది. ప్రీమియం కాస్త ఎక్కువ కట్టాలి. ఫిట్సు కోసం ఆస్పత్రిలో చేరితే మొదటి మూడేళ్ళు ఇవ్వరు. మిగతా జబ్బులకు, ప్రమాదాలకు మామూలుగానే ఇస్తారు. పాత పాలసీ రద్దు, కొత్త నంబరు, కొత్త కార్డు.

అంటే నా పని అయిపోయింది. ఆంజనేయులు కొత్త కార్డుని అదే ట్రేలో పెట్టి తయారుచేశాడు. చూడటానికి నా తోబుట్టువే గానీ, మొహంలో పొగరు కనపడింది. నిజంలోంచి పుట్టానని దానికి తెలుసు. "పాతది కత్తిరించేయండి అన్నయ్యా, పొరపాటున ఆస్పత్రిలో ఇదిచ్చారంటే గొడవ" అన్నాడు పూర్ణచంద్రరావు. ఆంజనేయులు కత్తెర తీశాడు. నేను భయపడలేదని చెప్తే మీరు నమ్మరు. కత్తెర రెండు కాళ్ళ మధ్యన నా మూల ఉంది.

"ఉండు నాన్నా" అంది ప్రణవి. నన్ను లాక్కుని వెనక్కి తిప్పింది. "మూడేళ్ళు ఫిట్సుకి వాళ్ళు ఇయ్యరంట కదా. వస్తే చూడాల్సింది పక్కనున్నోళ్ళే. వాళ్ళకి తెలియాలిగా. ఈ పక్కంతా ఖాళీయే. దీని మీద వేసియ్యి, ఐడీ కార్డుతో పాటు మెళ్ళో వేసుకుంటా."

కూతురి మెడలో ఆ జబ్బు సంగతి వేలాడుతూ ఊరు తిరగడమే ఆంజనేయులు జీవితమంతా జరగకూడదనుకున్న పని. ఆయన కత్తెర బల్ల మీద పెట్టాడు. కంప్యూటర్ ముందు కూర్చున్నాడు. కాసేపయ్యాక, "ఏం రాయాలో చెప్పమ్మా" అన్నాడు.

ప్రణవి చెప్పింది, డాక్టరు తనకు చెప్పినట్టే. నాకు ఫిట్సు వస్తాయి. కంగారు పడకండి. పక్కకు తిప్పి పడుకోబెట్టండి. నోట్లో, చేతుల్లో ఏమీ పెట్టకండి. కాసేపట్లో నేనే లేస్తాను. అయిదు నిమిషాలు దాటితే ఆస్పత్రికి తీసుకెళ్ళండి. కింద ఇంటి ఫోన్ నంబరు. తెలుగులో అక్కర్లేదు, ఇంగ్లీషులో, కన్నడంలో వేయమంది. ఇంగ్లీషు ఆమే రాసింది. కన్నడం ఫోన్‌ని అడిగి రాశారు గానీ, ఫోన్ చెప్పింది సరైనదో కాదో ఆ ఇంట్లో ఎవరికీ తెలియదు. ఆంజనేయులికి రంగులు పంపే వ్యాపారి బళ్ళారి మనిషి, రెండు భాషలూ వచ్చినవాడు. ఆయనకు పంపి సరిచూడమన్నాడు. రెండు మాటలు దిద్ది ఆయన వెనక్కి పంపాడు. కింద ఒక ప్రశ్న కూడా పంపాడు. ఎవరికండీ ఇది, పార్టీ ఎవరు?

ఆంజనేయులు ఫోన్ పట్టుకుని ఆలోచించాడు. ఒక కస్టమరుకి అని రాయొచ్చు. అలాంటి జవాబులు ఆయనకు నోటికి వచ్చు. 'మా అమ్మాయికండీ' అని కొట్టి పంపించాడు. బళ్ళారి నుంచి ఒక నమస్కారం బొమ్మ వచ్చింది, అంతే. ఆకాశం విరిగి పడలేదు. ఆయన ఫోన్ పక్కన పెట్టి, నన్ను వెనక్కి తిప్పి ట్రేలో సర్ది, మెషిన్‌లోకి తోశాడు. నేను రెండోసారి పుట్టాను.

మైసూరు నాకు నచ్చింది. ఎండ తక్కువ, నా రంగు వెలవలేదు. హాస్టల్లో చేరిన రోజే ప్రణవి గదిలో ఉన్న ఇద్దరమ్మాయిలకు నన్ను చూపించి చదవమంది. ఒకమ్మాయి చదివి, సరే అని, ఇంతకీ పచ్చడి డబ్బా ఎప్పుడు తెరుస్తావని అడిగింది. మొదటి ఏడాదే ప్రణవికి డెంగీ వచ్చి ఆస్పత్రిలో పెట్టారు. ఏం మందులు వాడుతున్నావని వాళ్ళు అడిగారు, తను చెప్పింది, కంపెనీ తన దగ్గరున్న కాగితాలతో సరిచూసుకుని ఖర్చు ఇచ్చింది. ఆ ఘనత అంతా కొత్త కార్డుది. నేను ఒప్పుకుంటాను. నేనైతే ఆ కౌంటరు దగ్గర నుంచి తలదించుకుని వెనక్కి వచ్చేదాన్ని. కొత్తది తిరిగొచ్చి పర్సులో పడుకున్నాక నాతో మాట్లాడలేదు. పోనీలెమ్మని నేనూ ఊరుకున్నాను.

నా రోజు రెండో ఏడాది వచ్చింది. పరీక్షలకు చదువుతూ ప్రణవి రెండు మూడు రోజులు సరిగా నిద్రపోలేదు. అలా నిద్ర మానకూడదని తనకు తెలుసు, పరీక్షలకు తెలియదు. సాయంత్రం సిటీ బస్సులో నిలబడి వస్తోంది. నేను గుండెల మీద ఊగుతున్నాను. ఉన్నట్టుండి తన చెయ్యి కడ్డీ వదిలేసింది. ఇద్దరు పట్టుకోబోయేలోపు కిందికి జారిపోయింది. ఒళ్ళంతా బిగుసుకుంది.

బస్సులో కలకలం రేగింది. మనుషులు మంచివాళ్ళే, అదే ఇబ్బంది. సాయం చేయాలన్న తొందరలో ఎవరికి తోచింది వాళ్ళు చేస్తారు. ఒకాయన నడుముకున్న తాళాల గుత్తి లాగి ప్రణవి పిడికిట్లో కుక్కబోయాడు. ఒకామె నోట్లో చెంచా పెట్టాలని టిఫిన్ డబ్బా వెతుకుతోంది. ఇంకొకరు నీళ్ళ సీసా మూత తీశారు. నేను అరవగలిగితే అరిచేదాన్ని. నాకు నోరు లేదు, ఉన్నది వీపు ఒక్కటే, అదీ ప్రణవి భుజం కింద నలుగుతోంది.

కండక్టరు జనాన్ని తోసుకుంటూ వచ్చాడు. పొడవాటి మనిషి. ఏ కాలేజీ పిల్లో చూద్దామని ట్యాగు లాగాడు. ముందు ఐడీ కార్డు చూశాడు, తర్వాత నన్ను చూశాడు, వెనక్కి తిప్పాడు. మొదటి వరస చదివి, గొంతు పెంచి, టికెట్టు టికెట్టు అని అరిచే గొంతుతో నన్ను బస్సంతటికీ చదివి వినిపించాడు. కన్నడంలోనే చదివాడు. అర్థం నాకు తెలుసు, నా ఒంటి మీద ఉన్నదే కదా. తాళాల గుత్తి వెనక్కి వెళ్ళిపోయింది. చెంచా ఆగిపోయింది. నీళ్ళ సీసాకి మూత పడింది. ఇద్దరాడవాళ్ళు ప్రణవిని పక్కకు తిప్పి, తల కింద ఎవరిదో స్వెట్టరు పెట్టారు. డ్రైవరు బస్సుని పక్కకు తీసి ఆపాడు. కండక్టరు గడియారం చూస్తూ నిలబడ్డాడు, నన్ను మాత్రం చేతిలోంచి వదల్లేదు. మళ్ళీ మళ్ళీ చదువుకుంటున్నాడు, ఏదైనా మర్చిపోయానేమోనని.

అయిదు నిమిషాలు పట్టలేదు. ప్రణవి ఒళ్ళు వదులైంది. కాసేపటికి కళ్ళు తెరిచింది. తలెత్తి చూసేసరికి బస్సు బస్సంతా తనకేసే చూస్తోంది. ఆమె మొహంలోకి భయం రావడం నేను దగ్గర నుంచి చూశాను. చిన్నప్పటినుంచీ తప్పించుకున్నది ఆ చూపులనే. కానీ ఎవరూ వెనక్కి జరగలేదు. తల కింద స్వెట్టరు పెట్టిన ఆవిడ, "నిధానవాగి" అంది, మెల్లగా లెమ్మని. కండక్టరు నన్ను జాగ్రత్తగా ఆమె గుండెల మీద పెట్టి, ఎక్కడ దిగాలమ్మా అని అడిగాడు. ఆ కలకలంలో ఆమె స్టాపు దాటిపోయింది. ఆ ఆవిడ తనతోపాటు దిగి, ఆటో ఎక్కించి, హాస్టల్ గేటు దాకా వచ్చి వెళ్ళింది. ఆమె పేరు అడగడం ప్రణవి మర్చిపోయింది, ఇప్పటికీ ఆ సంగతికి బాధపడుతుంటుంది.

గదికి వచ్చి పడుకుని, ప్రణవి ఇంటికి ఫోన్ చేసింది. నేను ఆమె మెడలోనే ఉన్నాను, కాబట్టి రెండు గొంతులూ విన్నాను.

"నాన్నా, ఇయ్యాల బస్సులో వచ్చింది. కంగారు పడొద్దు, బాగానే ఉన్నా. గదిలోనే ఉన్నా."

అవతల మెషిన్ ఆగిపోయిన చప్పుడు వినపడింది. "ఎవరు చూశారమ్మా నిన్ను?"

"కండక్టరు. మెళ్ళో కార్డు తిప్పి చదివాడు నాన్నా. గట్టిగా, అందరికీ వినపడేటట్టు."

"అందరికీనా?"

"బస్సంతా విన్నారు."

అవతల ఆంజనేయులు స్టూలు లాక్కుని కూర్చున్న చప్పుడైంది.

"మంచిపని చేశాడు" అన్నాడు.